జ్వరంతో వచ్చిన ఫిట్స్: మీ ఉత్తరాలు, నా జవాబులు

వానలు మొదలైతే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో చాలావరకు జ్వరాల గురించే ఉంటాయి. ఈసారి మూడు ఉత్తరాలు ఒకే విషయం మీద వచ్చాయి: వైరస్ జ్వరం, దానితో ఫిట్స్. మొదటిదానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. నా ఓపీ గది బయట బెంచీ మీద కూర్చునే చాలామంది అక్కలూ అమ్మలూ అడగాలనుకుని నోట్లోనే ఉంచేసుకునే ప్రశ్నలు అందులో ఉన్నాయి.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా తమ్ముడికి 26 ఏళ్లు. మాదాపూర్‌లో ఉద్యోగం, కూకట్‌పల్లిలో మా ఇంట్లోనే ఉంటాడు. రెండు నెలల కిందట జ్వరం వచ్చింది. వైరల్ అనుకుని డోలో వేశాం. మూడో రోజు నుంచి మాట తేడాగా వచ్చింది. నీళ్ల గ్లాసు చూపించి పెన్ను అన్నాడు. ఏదో కాలుతున్న వాసన వస్తోందని మాటిమాటికీ వంటింట్లోకి వెళ్లి చూశాడు. జ్వరం మత్తులే అనుకున్నాం. ఐదో రోజు పొద్దున ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రిలో ఎమ్మారై తీసి, వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేసి హెర్పిస్ మెదడువాపు అన్నారు. 21 రోజులు నరంలోకి ఎసైక్లోవిర్ అనే వైరస్‌ను అణిచే మందు ఎక్కించారు. ఇప్పుడు ఇంట్లో ఫిట్స్ రాకుండా లెవిటిరాసిటమ్ మాత్రలు వాడుతున్నాడు. ఫిట్స్ మళ్లీ రాలేదు. కానీ చిన్నదానికీ కోపం, మొన్న కంచం విసిరికొట్టాడు. పొద్దున చెప్పింది సాయంత్రానికి గుర్తుండటం లేదు. మందుల షాపులో పనిచేసే మా బాబాయి, ఆ ఎసైక్లోవిర్ మాత్రల్లో దొరుకుతుంది, అన్ని రోజులు ఊరికే ఉంచుకున్నారు అంటున్నాడు. డిశ్చార్జి కాగితంలో హెర్పిస్ అని చూసి బంధువులు వాడి నడవడిక గురించి ఏవేవో అంటున్నారు. అమ్మ ఆ కాగితాన్ని బీరువాలో దాచేసింది. మాత్రలు జీవితాంతం వాడాలా? వాడికి మూర్ఛ రోగం ఉన్నట్టేనా? బండి నడపొచ్చా? పెళ్లి సంగతి ఏంటి?
— ఒక అక్క, కూకట్‌పల్లి

జవాబు: ముందు ఆ కాగితాన్ని బీరువాలోంచి తీయించండమ్మా. ఒక నకలు మీ తమ్ముడి పర్సులో, ఒక ఫొటో మీ ఫోనులో ఉండాలి. రేపు ఏ అర్ధరాత్రో వాడిని ఏ ఎమర్జెన్సీకైనా తీసుకెళ్లాల్సి వస్తే, అక్కడి డాక్టరుకు మొదట కావలసింది అదే.

బంధువుల మాటలకు జవాబు చెప్తాను, వాళ్లకు చదివి వినిపించండి. హెర్పిస్ అనగానే లైంగికంగా సోకేదే అనుకుంటారు గానీ, హెర్పిస్ వైరస్‌లలో చాలా రకాలున్నాయి. పెద్దవాళ్లలో మెదడువాపు తెచ్చేది ఎక్కువగా హెర్పిస్ సింప్లెక్స్ మొదటి రకం. జ్వరం వచ్చి తగ్గాక కొందరికి పెదవి అంచున గుత్తిగా నీటి పొక్కులు లేస్తాయి చూడండి, అది దీని పనే. చాలామందికి ఇది చిన్నతనంలోనే ఎంగిలి ద్వారా, పెద్దవాళ్ల ముద్దుల ద్వారా అంటుతుంది. ప్రపంచంలో 50 ఏళ్ల లోపు వాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఒంట్లో ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే మాటలు అంటున్న ఆ బంధువుల్లో కూడా చాలామందిలో ఉంటుంది. ముఖానికి స్పర్శనిచ్చే నరం మొదట్లో అది ఏళ్ల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటుంది. ఏడాదికి పది లక్షల మందిలో ఇద్దరికో నలుగురికో మాత్రం మెదడులోకి చేరుతుంది. ఆ ఇద్దరిలో మీ తమ్ముడు ఎందుకు ఉన్నాడో ఏ పరీక్షా చెప్పలేదు. వాడి నడవడికకు దీనితో సంబంధం లేదు. ఆ మాట వాడి చెవిన పడేలా గట్టిగా చెప్పండి. జబ్బుతో సగం కుంగిన మనిషిని సిగ్గుతో పూర్తిగా కుంగదీయడం నేను చాలా ఇళ్లలో చూశాను, ప్రతిసారీ బాధ కలుగుతుంది. ఇంట్లో వాళ్లకు వాడి నుంచి మెదడువాపు అంటుకుంటుందన్న భయం కూడా అక్కర్లేదు.

మీరు రాసిన మూడో రోజు సంగతి దగ్గర కాసేపు ఆగుతాను. గ్లాసును పెన్ను అనడం, లేని వాసన రావడం. ఈ వైరస్‌కు మెదడులో ఇష్టమైన చోటు కణతల లోపలి భాగం. మాటలు, జ్ఞాపకాలు, వాసనలు, కోపతాపాలు అన్నీ అక్కడే ముడిపడి ఉంటాయి. అందుకే కాళ్లూ చేతులూ కొట్టుకోకముందే మాట తడబడుతుంది, మనిషి తీరు మారుతుంది. లేని కాలిన వాసన అప్పటికే మొదలైన చిన్న ఫిట్ కావచ్చు. ఫిట్స్ అంటే నేలమీద పడి కొట్టుకోవడమే అనుకుంటాం గానీ, కొన్ని నిమిషాలు శూన్యంలోకి చూస్తూ పెదవులు చప్పరించడం కూడా ఫిట్సే. వైరస్ నరాల కణాలను దెబ్బతీస్తుంది, దానితో పోరాడే క్రమంలో ఆ చుట్టుపక్కల వాపు వస్తుంది. కణాలు ఒకదానితో ఒకటి పంపుకునే విద్యుత్ సంకేతాలు అదుపు తప్పుతాయి. బయటికి కనిపించే ఫిట్స్ ఆ అల్లకల్లోలమే.

మీరు చేసినదాంట్లో తప్పు వెతకడానికి ఇది చెప్పడం లేదు. హైదరాబాద్‌లో జూలై నుంచి నవంబరు దాకా ఇంటింటా జ్వరమే, మత్తుగా ఉంటే ఎవరైనా జ్వరమే అనుకుంటారు. ఈ పేజీ చదివే మిగతా వాళ్ల కోసం చెప్తున్నాను. జ్వరం 104 డిగ్రీలున్నా మనిషి మనల్ని గుర్తుపట్టి సరిగ్గా మాట్లాడుతుంటే కొంత నిదానించవచ్చు. జ్వరం 100 డిగ్రీలే ఉన్నా మాట తడబడుతుంటే, ఇంట్లో దారి తెలియకపోతే, ఎప్పుడూ లేని విధంగా ప్రవర్తిస్తుంటే, లేపినా లేవకుండా నిద్రపోతుంటే, ఆ గంటలోనే స్కానింగ్, వెన్ను నీటి పరీక్ష చేయగల ఆసుపత్రికి వెళ్లాలి. ప్లేట్‌లెట్ల లెక్క కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చోకూడదు.

ఇప్పుడు మీ బాబాయి మాట. ఎసైక్లోవిర్ మాత్రలు, ఆయింట్‌మెంట్ షాపులో దొరుకుతాయి, నిజమే. పెదవి పొక్కుకు అవి సరిపోతాయి. కానీ నోట్లో వేసుకున్న మాత్రలో కొద్ది వంతే రక్తంలోకి చేరుతుంది, అందులోంచి మెదడు దాకా వెళ్లేది ఇంకా తక్కువ. అందుకే మెదడువాపుకు కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల లెక్కన, 8 గంటలకోసారి, 14 నుంచి 21 రోజులు నరంలోకే ఎక్కించాలి. గంటసేపు నెమ్మదిగా ఎక్కిస్తారు, కిడ్నీలు దెబ్బతినకుండా ద్రవాలు ఇస్తూ, వాటి పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూస్తుంటారు. అందుకే అన్ని రోజుల పడక. ఈ చికిత్స లేని రోజుల్లో ఈ జబ్బు వచ్చిన 100 మందిలో 70 మంది దాకా చనిపోయేవారు. బతికినవాళ్లలో మామూలుగా తిరిగినవాళ్లు బహు కొద్దిమంది. ఎసైక్లోవిర్ వచ్చాక ఆ లెక్క మారిపోయింది. మందు ఎంత త్వరగా మొదలైతే అంత మెదడు దక్కుతుంది, అందుకే అనుమానం రాగానే రిపోర్టు రాకముందే ఎక్కించడం మొదలుపెడతారు. మొదటి రోజుల్లో వెన్ను నీటి పరీక్షలో వైరస్ దొరక్కపోవచ్చు కూడా, అప్పుడు కొన్ని రోజులాగి మళ్లీ తీస్తారు. ఆసుపత్రి బిల్లు బరువు నాకు తెలుసు, దాని గురించి ఎవరి మీదైనా కోపం ఉంటే అది వేరే సంగతి. ఆ 21 రోజులు మాత్రం వృథా కాలేదు.

మూర్ఛ రోగం ఉన్నట్టేనా అన్నారు. వెంటనే అలా అనలేం. జబ్బు రగులుతున్న రోజుల్లో వచ్చిన ఫిట్స్ వేరు. జబ్బు తగ్గాక, జ్వరమూ లేకుండా, వేరే కారణమూ లేకుండా వాటంతట అవే మళ్లీ వస్తే అప్పుడు మూర్ఛ వ్యాధి అంటాం. మీ తమ్ముడికి ఇప్పటిదాకా మొదటి రకమే వచ్చింది. అయితే మచ్చ మిగిలిన మెదడులో రెండో రకం వచ్చే అవకాశం మామూలు వాళ్లకన్నా ఎక్కువ. అమెరికాలోని రోచెస్టర్ ప్రజలను ఏళ్ల తరబడి గమనించి 1988లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. వైరస్ మెదడువాపు సమయంలోనే ఫిట్స్ వచ్చినవాళ్లలో 20 ఏళ్లలో 100కి 22 మందికి తర్వాత మళ్లీ ఫిట్స్ వచ్చాయి. ఆ సమయంలో ఫిట్స్ రానివాళ్లలో 100కి 10 మందికి. అన్ని వైరస్‌లూ కలిపిన లెక్క అది. హెర్పిస్ కణత భాగాన్ని పట్టుకుంటుంది కాబట్టి మీ తమ్ముడి విషయంలో ఇంకాస్త ఎక్కువ జాగ్రత్తే ఉండాలి.

అందుకే మాత్రలు జీవితాంతమని ఇప్పుడే నిర్ణయించుకోవద్దు, బాగున్నాడు కదా అని ఆపనూ వద్దు. కొన్ని నెలలు గడిచాక ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష), అవసరమైతే ఎమ్మారై మళ్లీ చూసి, ఫిట్స్ లేకపోతే మీ న్యూరాలజిస్టు మెల్లగా తగ్గించి ఆపే ఆలోచన చేస్తారు. మధ్యలో మళ్లీ ఫిట్ వస్తే మందు ఎక్కువ కాలం సాగుతుంది, మామూలుగా కనీసం రెండేళ్లు ఫిట్స్ లేకుండా ఉన్నాకే ఆపే మాట. ఉన్నట్టుండి ఆపేస్తే, ఆపడం వల్లే పెద్ద ఫిట్స్ రావచ్చు. పండక్కి ఊరెళ్తూ స్ట్రిప్ మర్చిపోయి వచ్చి ఐసీయూలో చేరినవాళ్లను చూశాను.

కోపానికి రెండు మూడు కారణాలుండొచ్చు. జబ్బు తగిలిన చోటే కోపతాపాల చోటు. దానికి తోడు లెవిటిరాసిటమ్ కొందరిలో చిరాకు, కోపం, దిగులు తెస్తుంది. ఇది మీ డాక్టరుకు తప్పకుండా చెప్పండి, డోసు తగ్గించడమో మందు మార్చడమో చేయగలరు. చచ్చిపోవాలనిపిస్తోంది అన్న మాట వాడి నోటి నుంచి వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. మూడోది అరుదు, కానీ తెలిసి ఉండాలి. హెర్పిస్ మెదడువాపు తగ్గిన కొన్నివారాలకు కొందరిలో ఒంటి రక్షణ వ్యవస్థే పొరబడి మెదడు మీద దాడి చేస్తుంది, చాలావరకు మొదటి మూడు నెలల్లోనే. నిద్ర పూర్తిగా పోవడం, లేనివి కనిపించడం, నోరూ చేతులూ వింతగా కదలడం, మళ్లీ ఫిట్స్, ఇవేవైనా కొత్తగా మొదలైతే వెంటనే తీసుకెళ్లండి. దానికి చికిత్స వేరే ఉంది, బాగా పనిచేస్తుంది కూడా. దాన్ని దెయ్యం పట్టిందనుకుని తిప్పుతూ వారాలు పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. అమ్మగారు దిష్టి తీయాలనుకుంటే తీయనివ్వండి, ఆవిడ మనసుకు అదొక ఊరట. ఆసుపత్రికి మాత్రం ముందు వెళ్లండి.

జ్ఞాపకశక్తి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం మెరుగవుతూనే ఉంటుంది. జేబులో చిన్న నోటుబుక్కు, ఫోనులో అలారాలు, వస్తువులన్నీ రోజూ ఒకే చోట పెట్టడం, ఒకసారికి ఒకే పని చెప్పడం. "మళ్లీ మర్చిపోయావా" అన్న మాట ఇంట్లో ఎవరూ అనకుండా చూడండి. ఉద్యోగానికి మొదట సగం రోజులు, తేలిక పని అడగండి. నైట్ షిఫ్టు వద్దే వద్దు. నిద్ర తగ్గితే ఫిట్స్ వస్తాయి, మందు సరిగ్గా వేసుకుంటున్నవాళ్లకు కూడా. మద్యం వద్దు. నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్‌లు సొంతంగా కొని వేసుకోవద్దని చెప్పండి. ట్రమడాల్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి ఫిట్స్‌ను రెచ్చగొట్టగలవు.

బండి ఇప్పుడు వద్దు. లైసెన్సు దరఖాస్తుతో ఇచ్చే ఫారం 1లో మూర్ఛ ఉందా, ఉన్నట్టుండి స్పృహ తప్పుతుందా అని నేరుగా అడుగుతారు. కూకట్‌పల్లి నుంచి మాదాపూర్ ట్రాఫిక్‌లో పది సెకన్లు స్పృహ తప్పితే ఏమవుతుందో ఊహించుకోండి, వాడికి, ఎదుటివాడికి కూడా. మెట్రో ఉంది, మీరు దింపండి. న్యూరాలజిస్టు రాతపూర్వకంగా సరే అన్నాకే ఆ తాళం వాడి చేతికి. అప్పటిదాకా ఒంటరిగా ఈత, మేడ అంచున నిలబడటం కూడా వద్దు, స్నానానికి వెళ్తే తలుపు గడియ పెట్టుకోవద్దు.

పెళ్లి తప్పకుండా చేసుకోవచ్చు. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను పెళ్లికి అడ్డంకిగా చూపిన మాటను 1999 సవరణతో తీసేశారు. మీ తమ్ముడికి అసలు మూర్ఛ వ్యాధి ఉందని కూడా ఇంకా తేలలేదు. మాత్రలు దాచి పెళ్లి చేయొద్దు. కొత్త కోడలి కంట పడకూడదని మాత్ర మానేసి ఫిట్స్ తెచ్చుకున్న పెళ్లికొడుకులున్నారు. ఒక ఏడాది ఆగండి, తేరుకోనివ్వండి, తర్వాత నిజం చెప్పి సంబంధం చూడండి.

ప్రశ్న: మా మనవడికి 20 నెలలు. ఫీవర్ ఆసుపత్రి వెనక సందులో ఉంటాం. రాత్రి జ్వరం వచ్చి ఒక్కసారిగా కళ్లు తేలేసి కొట్టుకున్నాడు. రెండు నిమిషాలుంది. పక్కింటావిడ తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టింది, ఇంకొకరు ఉల్లిపాయ వాసన చూపించారు. దవాఖానాలో జ్వరం ఫిట్స్ అని చెప్పి పొద్దునే పంపించేశారు. నాకు ధైర్యం చాలడం లేదు. మళ్లీ వస్తే ఏంచేయాలి? బాబు మెదడుకు దెబ్బ తగిలిందా?
— ఒక అమ్మమ్మ, నల్లకుంట

జవాబు: మెదడుకు దెబ్బ తగల్లేదమ్మా. ఇది పై ఉత్తరంలోని జబ్బు కాదు, ఆ రెండింటినీ కలిపి భయపడొద్దు. అక్కడ వైరస్ మెదడులోకే వెళ్లింది. మీ మనవడికి జ్వరం మాత్రమే వచ్చింది, ఆ వయసు మెదడు జ్వరానికి అలా స్పందించింది. 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లల్లో 100కి ఇద్దరి నుంచి ఐదుగురికి ఇలా వస్తుంది. మూడు రోజులు జ్వరం కాసి, తగ్గగానే ఒంటి మీద గులాబీ రంగు దద్దుర్లు వేసే రోజియోలా వైరస్, ఫ్లూ, మామూలు జలుబు వైరస్‌లు దీనికి తరచుగా కారణం. 15 నిమిషాల లోపు ఆగి, ఒళ్లంతా కొట్టుకుని, 24 గంటల్లో ఒక్కసారే వచ్చి, కాసేపటికి బిడ్డ మామూలుగా ఆడుకుంటే మంచిదే. ఇలాంటి పిల్లల చదువు మీదా తెలివి మీదా దాని ప్రభావం ఉండదు. తర్వాత మూర్ఛ వ్యాధి వచ్చేది 100కి ఒకరిద్దరికి మాత్రమే.

మళ్లీ వచ్చే అవకాశం మూడింట ఒక వంతు ఉంది, కాబట్టి ఇంట్లో అందరికీ నేర్పించండి. బాబును ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లోని నురగ, వాంతి బయటికి పోతాయి. మెడ దగ్గర బట్ట వదులు చేయండి. నోట్లో చెంచా, వేలు, నీళ్లు, మందు ఏదీ పెట్టొద్దు. పళ్లు విరిగి గొంతులో ఇరుక్కున్న పిల్లలున్నారు. తాళంచెవులు పెట్టగానే ఆగాయని అందరూ అంటారు, ఎందుకంటే చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో ఏమీ పెట్టకపోయినా ఆగుతాయి. ఎవరో ఒకరు గడియారం చూడాలి, వీలైతే ఇంకొకరు ఫోనులో వీడియో తీయాలి. మీరు మాటల్లో వంద చెప్పినా నాకు ఆ వీడియోలో తెలిసినంత తెలియదు. 5 నిమిషాలు దాటుతుంటే 108కి ఫోన్ చేయండి. ముక్కులో కొట్టే మిడాజొలామ్ స్ప్రే ఉంది, మీ పిల్లల డాక్టరు రాసిస్తే ఇంట్లో ఉంచుకుని ఎలా కొట్టాలో ఆయన దగ్గరే నేర్చుకోండి.

పారాసిటమాల్ బిడ్డ బాధ తగ్గించడానికి ఇవ్వండి, అది ఇస్తే ఫిట్స్ రావని మాత్రం నమ్మకం పెట్టుకోవద్దు. బరువును బట్టి ఇవ్వాలి. షాపులో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములదీ, 250దీ రెండూ దొరుకుతాయి, చుక్కల మందు ఇంకా ఘాటు. సీసా మారితే డోసు రెట్టింపయిపోతుంది, కాబట్టి సీసా మీది అంకె చదివే పని ఎప్పుడూ ఒక్కరికే అప్పగించండి. ఐస్ నీళ్లతో తుడవొద్దు, ఆస్పిరిన్ ఇవ్వొద్దు.

ఎప్పుడు భయపడాలంటే, ఒక పక్కే కొట్టుకుంటే, ఒకే రోజు రెండోసారి వస్తే, ఫిట్ ఆగి గంటయినా మత్తు వదలకపోతే, మాడు ఉబ్బినా మెడ బిగిసినా, పాలు మానేసి వాంతులవుతుంటే. అప్పుడు అది జ్వరం ఫిట్స్ కాకపోవచ్చు, వెన్ను నీరు పరీక్ష చేస్తామంటే ఒప్పుకోండి. ఆ సూదితో నడుం పడిపోతుందని చాలామంది సంతకం పెట్టకుండా గంటలు లాగుతారు. సూది దిగేది వెన్నుపాము ముగిసిన చోటికి కింద, అందువల్ల కాళ్లు పడిపోవు.

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె, ఎల్బీనగర్‌లో స్థిరపడ్డాం. 2003లో మా ఊరి వైపు పిల్లలు జ్వరం, ఫిట్స్‌తో చనిపోవడం నాకింకా గుర్తుంది. సెలవుల్లో మా పాపను (7 ఏళ్లు) ఊరికి పంపాలంటే టెన్షన్‌గా ఉంది.
— ఒక తండ్రి

జవాబు: ఆ భయం ఊరికే వచ్చింది కాదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు మెదడువాపుతో ఆసుపత్రుల పాలైతే 183 మంది చనిపోయారు. చాందీపురా వైరస్ దానికి కారణమని గుర్తించారు. 1965లో మహారాష్ట్రలో ఆ వైరస్ మొదట దొరికిన ఊరి పేరే దానికి పెట్టారు. దోమలో మూడో వంతుండే ఇసుక ఈగ కుట్టడం వల్ల వస్తుంది. దీనికి టీకా లేదు, వైరస్‌ను చంపే మందూ లేదు. ఫిట్స్ ఆపుతూ, ఊపిరి, షుగరు, మెదడు ఒత్తిడి చూసుకుంటూ బిడ్డను కాపాడుకోవడమే చికిత్స.

అయినా పాపను నాయనమ్మ దగ్గరికి పంపండి. ఇసుక ఈగ మట్టి గోడల పగుళ్లలో, పశువుల కొట్టం చుట్టూ ఉంటుంది, చీకటి పడ్డాక కుడుతుంది. పగుళ్లు పూడ్పించండి, కొట్టానికి దూరంగా పడుకోబెట్టండి, ఒళ్లంతా కప్పే బట్టలు వేయండి. మామూలు దోమతెర కన్నాల్లోంచి అది దూరిపోతుంది, సన్నని అల్లికదే కొనండి. వరి పొలాల దగ్గర దోమ ద్వారా వచ్చే జపనీస్ మెదడువాపుకు మాత్రం టీకా ఉంది, అది ఎక్కువగా కనిపించే జిల్లాల్లో ప్రభుత్వం 9 నెలలకు ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి ఇస్తుంది. పాప టీకా కార్డు తీసి చూడండి, లేకపోతే పిల్లల డాక్టరును అడగండి.

నాయనమ్మగారికి ఒక్క మాట చెప్పి పంపండి. చాందీపురాలో జ్వరం మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే పరిస్థితి చేజారుతుంది. పాపకు జ్వరంతో వాంతులై, మాట తడబడి, మత్తుగా పడుకుంటే తెల్లారేదాకా చూద్దామనుకోకుండా, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించకుండా, 108లో నేరుగా జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లమనండి. మీకు ఫోన్ ఆ తర్వాత దారిలోంచి చేయొచ్చు.